ఇరుగింటి నిప్పు

అనగనగా గంటలమెట్ట అని ఒక ఊరుందర్రా. ఆ ఊళ్ళో మగ్గం నేసే కొమరయ్య, కరువుకాలంలో బతుకు గడవక, పెళ్ళాం బిడ్డల్ని బండెక్కించుకుని జొన్నలగరువు వచ్చి గుడిసె వేసుకున్నాడు. ముప్పయ్యేళ్ళు గడిచాయి. గుడిసె పెంకుటిల్లయింది. పెళ్ళాం పోయింది. కొడుక్కి పెళ్ళయి మంగతాయి అని కోడలొచ్చింది. పిల్ల నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ బుర్రనిండా తెలివే. నాలాగే. ఏవిట్రా ఆ నవ్వు?

ఇంతలో రాజుగారికి గంటలమెట్ట గాలి పడి అక్కడ కోట కట్టాడు. ఇంకేముంది, ఇళ్ళ ధరలు కొండెక్కి కూర్చున్నాయి. గుమ్మానికి గుప్పెడు వరహాలు, దూలానికి దోసెడు వరహాలు, పెరటికి పెట్టెడు వరహాలు!

సరిగ్గా అప్పుడే ముసలాయనకి సొంతూరి మీద మనసు మళ్ళింది. చస్తే గంటలమెట్టలోనే చావాలి అని పొద్దున్న ఒకసారి, గంజి తాగుతూ ఒకసారి, పడుకోబోతూ ఒకసారి. కొడుకు మెత్తనివాడు. మగ్గాలు, పాడిగేదె, ఉన్న ఇల్లు, అన్నీ అమ్మితే అక్కడ ఒంటిగది కొంప వస్తుందని తేల్చాడు. మంగతాయి గుండె గుభేలుమంది. మగ్గం అమ్మి ఇల్లు కొంటే అందులో కూర్చుని ఏం తినాలి, గోడలా? కానీ మావగారి కళ్ళల్లో ఆశ చూస్తే కాదనడానికి నోరు రాలేదు. పాపం, పుట్టినూరు కదా.

ఊ కొడుతున్నారా? శేషూ, నీ ఊ వినపడలేదే!

ఆలోచించి ఆలోచించి, ఏదీ అమ్మకముందే అక్కడ ఓసారి పాలు పొంగించి చూద్దాం మావయ్యా, అచ్చొచ్చే ఇల్లో కాదో తెలుస్తుంది అంది. ముసలాయన ఎగిరి గంతేశాడు. ముగ్గురూ బండి కట్టుకుని వెళ్ళి, కొనబోయే కొంపని అమ్మేవాణ్ణి అడిగి ఒక్కపూటకి తెరిపించుకున్నారు.

వాళ్ళ వంశంలో ఒక ఆచారం. కొత్తింట్లో పొయ్యి రాజెయ్యాలంటే ఇరుగింటి నుంచి పిడక మీద నిప్పు తేవాల్సిందే, చెకుముకి రాయి కొట్టకూడదు. కోడలు పిడక తెచ్చి మావగారి చేతిలోనే పెట్టింది. మీ ఊరు, మీ వాళ్ళు, మీరెళితేనే అందం అంది.

మొదటింటికెళ్ళాడు, తాళం. రెండో ఇంటికెళ్ళాడు, తాళం. మూడో ఇంటికెళ్ళాడు, బుర్రంత తాళం! నాలుగో ఇంటి అరుగు మీద ఒక ముసలాడు, మొలకి తాళాలగుత్తి. చూస్తే చిన్ననాటి స్నేహితుడు బంగారయ్య! ఆ ఇళ్ళన్నీ షావుకారొకడు కొన్నాడట, ఉండడానికి కాదు, ధర పెరిగాక అమ్ముకోవడానికి. ఊళ్ళోవాళ్ళంతా అమ్ముకుని తలో దిక్కూ పోయారట. పన్నెండు తాళాలకి తనొక్కడే కాపలా. పోనీ నీ పొయ్యిలో నిప్పివ్వరా అన్నాడు కొమరయ్య. బంగారయ్య తల దించుకున్నాడు. పొయ్యి పెడితే గోడ మసిబారి ధర పడిపోతుందని పెట్టనివ్వరట. ఏడాదిగా అటుకులే తింటున్నాడట.

ముసలాయన చల్లటి పిడకతో తిరిగొచ్చాడు. ధర పెరిగిన ఊళ్ళో ఇరుగుపొరుగు మిగలరని తననుకున్నదే అయినా, ఆ మొహం చూస్తే మంగతాయికి సంతోషం వెయ్యలేదు. చూశారా, నేను ముందే అనుకున్నా అని ఒక్క మాటనలేదు. అదర్రా కోడలంటే! బండి తిప్పమని మొగుడికి చెప్పింది. ముసలాయన మాత్రం, ఆగండి అని వెళ్ళి, తాళాలగుత్తి షావుకారికి అప్పగింపజేసి బంగారయ్యని బండెక్కించాడు.

మూడు రోజులు ఇంట్లో లేకపోతే పొయ్యి ఆరిపోదూ? బండి దిగారో లేదో, పక్కింటి అచ్చియ్యమ్మ పిడక మీద కణకణలాడే నిప్పుతో గుమ్మంలో ప్రత్యక్షం. ప్రయాణం చేసొచ్చారు, ముందు గంజి కాచుకోండి అంది.

ముసలాయన ఆ నిప్పు తనే అందుకున్నాడు. కొత్తింటికి చేసినట్టు పొయ్యికి పసుపు, కుంకుమ పెట్టి రాజేశాడు. పాలు బుసబుసా పొంగాయి. మొదటి గ్లాసు బంగారయ్యకిచ్చి, కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు.

"మంగా, ఇదేనమ్మా మన ఊరు. గృహప్రవేశం చెయ్యడానికి నాకు ముప్పయ్యేళ్ళు పట్టింది!"

అంచేత ఇల్లు కొనేముందు గోడలు తట్టి చూస్తే చాలదర్రా, పక్కింటి తలుపు తట్టి చూడాలి. కథేమో కంచి బండెక్కింది, మనమేమో దుప్పట్లో దూరదాం. పొద్దున్నే పక్కింటావిడ గిన్నె ఇచ్చిరావాలి, గుర్తుచెయ్యండి.