నురగలమ్మ తల్లికి సుగంధి పానకం

ఎర్రగుట్ట కింద, సంతబజారు చివర, నురగలమ్మ తల్లి గుడి ఉంది. గుడి చిన్నది, అమ్మ అంతకన్నా చిన్నది. ఎదురుగా నిలబడినా అమ్మ మన వైపు చూడదు. మెడ కాస్త వాల్చి, పక్కవాళ్ళ చేతిలో ఏముందోనని ఓరకంట చూస్తూ ఉంటుంది. ఇక్కడి నైవేద్యం నురగ పానకం. ఎండన పడి వచ్చిన భక్తులకు అది గొంతు దిగుతుంటే ప్రాణం లేచి వస్తుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఓబులపతి అనే కంపౌండరు మందుల కొట్టు ఉండేది. కొట్టు వెనక గోడ వారన ఉన్న రాయికి ఆయన భార్య రామతులసి పసుపు రాసి అమ్మగా కొలిచేది. ఆమెకు మొగుడంటే పంచప్రాణాలు. ఆయన మందు నూరుతుంటే ఆ కల్వం చప్పుడుకే ఆమె గుండె ఊయల ఊగేది.

అలాంటి రోజుల్లో గాజులమ్మే సిద్ధమ్మకు కడుపుబ్బరం పట్టుకుంది. ఆమెకు చేదు పడదు. అందుకని ఓబులపతి కషాయంలో సుగంధిపాల రసం, నిమ్మకాయ, చక్కెర కలిపి సీసాలో పోసి ఇచ్చేవాడు. "అన్నా, నీ చేతిలో అమృతముంది!" అనేది సిద్ధమ్మ. అన్నా అని పిలిచినా రామతులసికి నమ్మకం కుదరలేదు. తనకు జ్వరమొస్తే ముక్కు మూసి చేదు నేలవేము కషాయం పోసిన మనిషి, ఆమెకు నిమ్మకాయ పిండుతున్నాడు! ఒకనాడు ఆయన లేని సమయంలో సిద్ధమ్మ మందు కోసం వస్తే, రుచి చెడగొడదామని వంటింట్లోని సోడా ఉప్పు ఇంత తెచ్చి ఆ సీసాలో పడేసింది.

సీసా బుసబుసా పొంగింది. సిద్ధమ్మ గటగటా తాగి, బజారంతా వినిపించేలా తేన్చి, "ఉబ్బరం పోయింది వదినా!" అని పకపకా నవ్వింది. మర్నాటి నుంచి ఊరంతా ఆ పొంగే మందే కావాలంది. ఓబులపతి తన మందుల సీసాలన్నీ వెతికాడు గానీ వంటింటి వైపు చూడలేదు. నురగ రాలేదు. జనం ఎగతాళి చేశారు, కొట్టు వెలవెలబోయింది. సంగతి చెబితే తన కుళ్ళు బయటపడి మొగుడి మనసు విరుగుతుందని రామతులసి నోరు కుట్టేసుకుంది.

ఒక మధ్యాహ్నం కునుకులో అమ్మ కనిపించింది. మూతి ముడుచుకుని, "రోజూ పసుపు రాస్తావు సరే. ఆ గాజులదానికి పోసిన నురగ నాకేదే?" అంది. రామతులసికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అమ్మకే ఇంత కుళ్ళుంటే తనెంత! లేచి వెళ్ళి చూస్తే, రాతి మీద కొట్టు వైపు ఓరగా తిరిగిన ముఖం వెలిసి ఉంది. వెంటనే మొగుడి ఎదుటే పానకం కలిపి, సోడా ఉప్పు వేసి, అమ్మ మీద పోసింది. మల్లెలు కుప్పపోసినట్టు తెల్లటి నురగ.

"ఇది ఎవరు నేర్పారే నీకు?" అన్నాడాయన.

"ఆ సిద్ధమ్మ మీది కుళ్ళు నేర్పింది. నాకెప్పుడైనా ఒక్క నిమ్మకాయ పిండావా?"

ఓబులపతి తల దించుకుని నిమ్మకాయ కోశాడు. మొదటి లోటా ఆమెకే అందించాడు. రెండోది రామతులసి తన చేత్తో సిద్ధమ్మకు ఇచ్చింది. కాకపోతే అందులో నిమ్మ సగమే పిండింది.

నేటికీ ఇక్కడ భర్త నిమ్మకాయ పిండుతాడు, భార్య సోడా ఉప్పు వేస్తుంది, మొదటి లోటా ఆమెదే. ఎవరిని చూస్తే మనసు ఉడికిపోతుందో వారిని వెంటబెట్టుకొచ్చి రెండో లోటా ఇవ్వాలి. అలా ఇచ్చినవారి కాపురం చల్లగా ఉంటుందని భక్తుల విశ్వాసం. ఆ లోటాలో నిమ్మ సగమే పిండినా అమ్మ ఏమీ అనుకోదు.