పొగడ చెరపని అడుగులు

అనగనగా ఒక కొండసీమ. బండి వెళ్ళే దారి లేదు. చుట్టుపక్కల ఊళ్ళూ లేవు. అక్కడి కొండల కడుపులో నిప్పు ఉండేది. అయినా ఆ సీమని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జంతువులు వచ్చేవి. ఎందుకు రావు మరి? అక్కడ నేలలోంచి వేడినీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకు చిమ్మేవి. పేర్చిపెట్టినట్టున్న నల్లరాళ్ళ మీంచి జలపాతం దూకేది. అన్నిటికన్నా పైన, చల్లారిన ఒక కొండ నోట్లో, నీలంగా ఒక సరస్సు ఉండేది.

వచ్చినవాళ్ళకి ఇవన్నీ చూపించేది పొగడ అనే కొండమేక. సరస్సుకి వెళ్ళాలంటే బూడిదనేల దాటాలి. ఆ నేల పాలమీద మీగడ లాంటిది. పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద బురద సలసల కాగుతుంటుంది. ఇవాళ గట్టిగా ఉన్నచోటు రేపటికి పలచబడుతుంది. అందుకే పొగడ గిట్టతో మూడుసార్లు తట్టి, చప్పుడు విని, అప్పుడు అడుగు వేసేది. ఆ అడుగులోనే వెనకవాళ్ళు అడుగు వేయాలి. అందరూ తిరిగొచ్చాక ఒక ఎండుకంప నోట కరచుకుని, ఆ అడుగులన్నీ చెరిపేసేది. అది వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి.

"నిన్నటి అడుగులు చూసుకుని ఎవరైనా వచ్చేస్తే ఏం చేస్తావే?" అనేది వాళ్ళమ్మ.

ఒకరోజు చెంగు అనే కుందేలు చుట్టాలతో వచ్చింది. దానికి కాలు ఒకచోట నిలవదు. వేడినీళ్ళ దగ్గర "చూశాం, పదండి" అంది. జలపాతం దగ్గర "ఇదీ చూశాం, పదండి" అంది. సరస్సు దగ్గర కూడా "సరే, పదండి" అనే అంది. బూడిదనేల దాటి వచ్చాక పొగడ కంప అందుకోగానే మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇంత కష్టపడి వేసిన దారిని చెరపడమేమిటి పొగడక్కా? ఉండనీ. రేపు వీటి మీదే నడిపించు. తట్టే పని తప్పుతుంది."

పొగడకి ఆ రోజు మెడ నొప్పిగా ఉంది. పైగా ఆ మాట సబబుగానే తోచింది. ఒక్కరోజుకి ఏం కాదులే అనుకుని కంప అక్కడే పడేసింది. మీరు పక్కబట్టలు మడతపెట్టకుండా బడికి పరిగెత్తుతారే, అలాగే అన్నమాట.

మర్నాడు తెల్లవారేసరికి నాంచారవ్వ అనే ముసలి తాబేలు అక్కడికి చేరింది. నెలరోజులు నడిచి వచ్చింది. ఆ సరస్సు గురించి చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పింది. చచ్చేలోగా ఒక్కసారి చూడాలని దాని కోరిక. దారి చూపే మేక ఉందని అవ్వ వినే వచ్చింది, కానీ పొగడ ఇంకా నిద్రపోతోంది. ఎదురుగా బూడిదలో అడుగులు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి.

"నాతో వస్తే పాపం ఆ మేక అడుగడుక్కీ ఆగాలి. దారి వేసే ఉందిగా" అనుకుని అవ్వ ఒక్కతే బయలుదేరింది.

పొగడ లేచి చూస్తే, తన అడుగుల మీద తాబేలు పొట్ట ఈడ్చుకెళ్ళిన జాడ ఉంది. కంప కరచుకుని పరిగెత్తబోయింది. కానీ ఎలా పరిగెత్తుతుంది? నేల మారిపోయి ఉంటుంది. తట్టాలి, వినాలి, అప్పుడు అడుగు వేయాలి. ఆ దారి దానికి ఎన్నడూ అంత పొడుగ్గా అనిపించలేదు.

సగం దారిలో అవ్వ కనిపించింది. నేల పగిలి, దాని ముందుకాలు బురదలో దిగబడింది. కదిలితే మొత్తం లోపలికి పోతుంది.

పొగడ కంప కిందపెట్టి, ఒక చివర అవ్వ వైపు నెట్టింది. "కదలకవ్వా. దీన్ని కరిచి పట్టుకో."

మొదటిసారి లాగితే అవ్వ కదల్లేదు. రెండోసారి కంప సగానికి విరిగింది. మూడోసారి పొగడ మిగిలిన ముక్కనే కరచుకుని, కాళ్ళు తన్నిపెట్టి లాగింది. అవ్వ బయటపడింది. కాలు ఎర్రగా కమిలిపోయింది. అది చూసి పొగడ ఏడ్చేసింది.

"నీమీద కోపం లేదు తల్లీ" అంది అవ్వ. "నీ అడుగులే కదా అని కిందికి చూడనే లేదు."

తిట్టినా పొగడకి అంత బాధ కలిగేది కాదు.

అవ్వ వారం రోజులు జలపాతం చల్లటి నీళ్ళలో కాలు పెట్టుకుని కూర్చుంది. కాలు నయమయ్యాక పొగడ ప్రతి అడుగూ తట్టి, అవ్వ నడకే నడిచి, సరస్సుకి తీసుకెళ్ళింది. ఇద్దరూ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నారు.

"మా అమ్మ చెప్పినదానికన్నా నీలంగా ఉంది" అంది అవ్వ, ఎంతో తృప్తిగా.

కిందికి వచ్చాక పొగడ కొత్త కంప కోసం వెతకసాగింది. అవ్వ నవ్వింది.

"ఒకసారి వెనక్కి చూడమ్మా."

పొగడ చూసింది. బూడిదలో ఒక్క అడుగు కూడా లేదు. వెనకాల వచ్చిన అవ్వ పొట్ట వాటన్నిటినీ చెరిపేసింది.

ఆ తర్వాత అవ్వ అక్కడే ఉండిపోయింది. ముందు తట్టేది పొగడ, చివర చెరిపేది అవ్వ. అవ్వ చేరుకునేదాకా అందరూ సరస్సు చూస్తూ కూర్చోవలసిందే. మరుసటి ఏడు మళ్ళీ వచ్చిన చెంగు కూడా కూర్చుంది. ఒక్కసారి కూడా "పదండి" అనలేదు.

నీతి: మన వెనక వచ్చేవాళ్ళు మన అడుగులని నమ్మి నడుస్తారు. వాళ్ళ క్షేమం చూశాకే మన పని పూర్తయినట్టు.