తవిటమ్మ నిలబెట్టిన ఊరు

పెద్దవాళ్లు చెబితే నేను విన్నాను. విన్నది విన్నట్టు మీకు చెబుతాను. మధ్యలో ఊఁ కొట్టడం మానకండి, మానితే నేను దారి తప్పుతాను.

మా తాతల తాతలు ఉయ్యాలలో ఉన్నప్పటి సంగతి. రెండు కొండల నడుమ ఒక ఊరుండేది. ఊరి పక్కన గెడ్డ పారేది. గెడ్డంటే వాగే, మావైపు గెడ్డ అంటాం. ఆ నీళ్లు తియ్యన. ఆ రాళ్లు మాత్రం నున్నన. వానలు మొదలైతే రాళ్లకి పాచి పట్టేది. కుర్రాళ్లు జారితే నవ్వుకుంటూ లేచేవారు. ముసలివాళ్లు జారితే లేచేవారు కాదు.

ఆ ఊళ్లో తవిటమ్మ అని ఒక ఊడుపుల మనిషి. ఊరందరి మళ్లలో వరినారు నాటేది గానీ, ఆమెకంటూ జానెడు మడి లేదు. ఉన్నదల్లా రెండు కాళ్లు, వంగే నడుము, ఊరంతా వినపడే గొంతు.

ఊడుపుల్లో మనిషి వెనక్కి నడవాలి. మోకాలిలోతు బురద, వెనకేముందో కనపడదు. నలభై ఏళ్లు అలా వెనక్కి నడిచినా తవిటమ్మ ఒక్కసారీ వెల్లకిలా పడలేదు. కొత్తగా పనిలోకి వచ్చిన ఆడపిల్లలు అడిగేవారు, "ఎలాగే పెద్దమ్మా?" అని.

"ఏటుందే ఇందులో! కాలు నేలని అడగాలి. నేల ఊఁ అనాలి. అప్పుడే రెండో కాలు లేవాలి," అనేది తవిటమ్మ.

ఒక ఏడు వానాకాలం, తవిటమ్మ జతగత్తె సూరమ్మ చంకన బిందెతో గెడ్డలో జారింది. తొడ ఎముక విరిగింది. కట్లు కట్టే మనిషి వచ్చి వెదురుబద్దలు కట్టాడు. కానీ సూరమ్మ మళ్లీ లేవలేదు. కోతలనాటికి మనిషే లేదు. అదే ఏడు ఇంకొక ముసలాయన పోయాడు, మరొక ముసలమ్మ పోయింది. ఒక్క ఏడులో ముగ్గురు.

ఊరిపెద్ద గౌరునాయుడు అందరినీ పిలిచాడు. చెడ్డవాడు కాడు. అతనికీ ముసలితల్లి ఉంది. ఆ భయంతోనే అన్నాడు: "ఇవాళ్టి నుంచి తల నెరిసినవాళ్లెవరూ గడప దాటడానికి వీల్లేదు. మంచం మీద కూకోబెట్టండి. మంచం మీదున్న మనిషి ఎక్కడ పడతాడు?"

నిజమేననుకున్నారు అందరూ. ముసలివాళ్లు కూర్చున్నారు. కూర్చున్నచోటికే గంజి వచ్చింది, కూర్చున్నచోటికే చుట్ట వచ్చింది. మొదటి నెల హాయిగా ఉంది. రెండో నెల విసుగు పుట్టింది. మూడో నెల కాళ్లు సన్నబడ్డాయి.

అప్పుడు మొదలైంది వింత. ఇళ్లలోపలే పడడం మొదలుపెట్టారు! మంచానికీ గుమ్మానికీ మధ్య ఒకరు పడ్డారు. నీళ్లకుండ దగ్గర ఒకరు పడ్డారు. చివరికి తవిటమ్మా పడింది.

ఆమెదీ నెరిసిన తలే మరి. కోడలు నీలాలు ప్రేమగా మంచం వాల్చి కూర్చోబెట్టింది. ఒక మధ్యాహ్నం వాకిట్లో ఆరబోసిన ధాన్యంలో మేక మూతి పెట్టింది. "హై హై!" అంటూ తవిటమ్మ గబుక్కున లేచింది. కళ్లు తిరిగాయి. కాళ్లు మడతపడ్డాయి. దబ్బుమని కూలింది.

ఎముక విరగలేదు, అదృష్టం. కానీ తవిటమ్మ ఏడ్చింది.

"నీలాలూ, బురదలో పడలేదే. గెడ్డలో పడలేదే. ఎండిన నేల మీద, నా ఇంట్లో నేను పడ్డానే!"

చాలాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, కాలి పిక్క పట్టుకుని చూసుకుంది. "ఇది నా పిక్కేటి? మాగిన అరటిపండులా ఉంది. కూకోబెట్టి నన్ను మెత్తబెట్టేశారే మీరు!"

మర్నాడు పొద్దున్నే తవిటమ్మ మంచం అంచున కూర్చుంది. గబుక్కున లేవలేదు. రెండు కాళ్లూ నేల మీద ఆనించింది. తల తేరుకునేదాకా ఆగింది. కాలు నేలని అడిగింది. నేల ఊఁ అంది. ఇంటి నడుమ రాట పట్టుకుని లేచింది. మళ్లీ కూర్చుంది. లేచింది, కూర్చుంది. లేచింది, కూర్చుంది. మూడుసార్లకే తొడలు వణికాయి. మరో వారానికి ఆరుసార్లు చేసింది. పైవారానికి తొమ్మిది. ఆ తర్వాత రాట పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం మొదలుపెట్టింది.

"అత్తా, నాయుడుగారు చూస్తే తిడతారు!" అంది నీలాలు.

"గడప దాటొద్దన్నాడు గానీ, గడపలోపల కొంగలా నిలబడొద్దన్నాడేటే?"

ఊరికే లేచి కూర్చుంటే ఆమెకి తోచదు. ఊడుపుల్లో పాడి పాడి పెరిగిన గొంతు కదా! పాట కట్టింది.

"అడగవే కాలా, నేలనే అడుగు,
ఊఁ అంటే లేచి నిలు, లేదంటే ఆగు!"

పక్కింటి ముసలాయన విన్నాడు. అతనూ గుంజ పట్టుకుని లేచాడు. ఎదురింటి ముసలమ్మ విన్నది. ఆమె గోడ పట్టుకుని లేచింది. కొద్దిరోజుల్లో పొద్దున్నే తవిటమ్మ పాట ఎత్తుకుంటే చాలు, ఇంటింటా మంచాలు కిర్రుమనేవి. పడుచువాళ్లు కిసుక్కున నవ్వుకునేవారు.

ఆ పాట గౌరునాయుడి తల్లి పైడమ్మ చెవిన పడింది. ఈ కట్టుబాటుకి ముందే మంచం పట్టింది పైడమ్మ, అప్పటికి మూడేళ్లు. ఆమె చెల్లెలు గెడ్డ అవతలి ఊళ్లో ఉంటుంది, ఆవిడా నడవలేదు. అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మూడేళ్లు. కొడుకు ఇంట్లో లేని వేళ చూసి, పైడమ్మ తవిటమ్మని దొడ్డిదారిన పిలిపించింది.

"ఒలే తవిటీ, నా చెల్లెలు బతికుండగా ఒక్కసారి చూడాలే. నన్ను గెడ్డ దాటించగలవా?"

"నేనెక్కడ దాటించగలనమ్మా! నీ కాళ్లే దాటించాల. ముందు వాటిని నిద్ర లేపుదాం. ఇంతకీ ఈ ఇంట్లో నువ్వెక్కడ తూలుతున్నావో చెప్పు."

పైడమ్మ చూపించింది. గడపా నేలా ఒకే రంగు, ఆమె కళ్లకి తేడా తెలియదు. నీళ్లకుండ కింద బండ ఎప్పుడూ తడి. నడిచే దారిలో గంపలు, పలుపుతాళ్లు. తవిటమ్మ గడప అంచున తెల్లగా సున్నం గీత గీసింది. బండ మీద ఉలితో గాట్లు పెట్టించింది. గంపలు మూలకి నెట్టించింది. నేల మీద జీరాడే పైడమ్మ చీర కుచ్చిళ్లు రెండంగుళాలు ఎత్తి దోపింది. ఇది చూసి నీలాలు సున్నం ముంత పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వారం తిరిగేసరికి ఊళ్లో గడపలన్నీ తెల్లగా మెరిశాయి.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు గౌరునాయుడు ఇంటికొచ్చేసరికి తల్లి పెరట్లో నిలబడి తోటకూర కోస్తోంది. అతను పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా! పడిపోతే ఏం చేస్తావే?"

"పడిపోతానని భయపడే కదరా, మూడేళ్లుగా మంచం మీద పడి ఉన్నాను!"

 ఇది ఎవరి పనో తెలుసుకుని, నాయుడు తవిటమ్మని పిలిచి అన్నాడు: "సరే. కొత్త పంట పండగనాడు ముసలాళ్లందరినీ గెడ్డ దాటించు. ఒక్కరు పడినా సరే, అందరూ మళ్లీ మంచాలెక్కాల. నీ పాట ఆగిపోవాల."

"అలాగే బాబూ," అంది తవిటమ్మ. అనేసింది గానీ, ఇంటికొచ్చి కోడలి దగ్గర కూలబడింది. "కళ్లు మూసుకుంటే సూరమ్మే కనబడతందే. ఒక్క రాయి కదిలిందా, అందరి బతుకూ మళ్లీ మంచమే."

ఆమె ఒక్కదానికే నాయుడు గడప దాటే సెలవిచ్చాడు. భయపడుతూనే పని మొదలుపెట్టింది. రోజూ తెల్లారగానే ఇసకా కొబ్బరిపీచూ పట్టుకుని గెడ్డకెళ్లి రాళ్ల పాచి తోమింది. నీలాలు కదిలే రాళ్లు తీసి కుదురైనవి వేసింది. గడప దాటకూడని ముసలాళ్లు ఇంట్లోనే మోకు పేనితే, కొడుకులు వెదురు గుంజలు పాతి ఆ మోకు కట్టారు.

పండగ వచ్చింది. ఊరంతా ఒడ్డున చేరింది. పద్నాలుగురు ముసలివాళ్లు వరసగా నిలబడ్డారు. ఒక చేత కర్ర, ఒక చేత మోకు. అందరి ముందూ తవిటమ్మ. ఆమె మాత్రం వాళ్లవైపు తిరిగి, గెడ్డలోకి వెనక్కి నడిచింది! ఊడుపుల్లో నడిచినట్టే, ఒక్కొక్క అడుగూ.

"అడుగు!" అనేది తవిటమ్మ.

"ఊఁ!" అనేవారు పద్నాలుగురూ.

మొదటి రాయి దాటారు. రెండో రాయి దాటారు. మూడో రాయి మీద పైడమ్మ ఆగిపోయింది. నీళ్ల పరుగు చూసి కళ్లు బెదిరాయి. మోకుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నీళ్లకేసి కాదమ్మా, నాకేసి చూడు," అంది తవిటమ్మ మెల్లగా. "తొందరేం లేదు. మీ చెల్లెలు ఎక్కడికీ పోదు."

ఒడ్డున ఉన్న నాయుడు తట్టుకోలేకపోయాడు. "అమ్మా, ఆగు! నేనొస్తున్నా!" అంటూ కిర్రుచెప్పులతోనే వరస పక్కనుంచి, పాచి తోమని రాళ్ల మీదుగా గెడ్డలోకి పరిగెత్తాడు. మొదటి రాయి మీదే సర్రున జారాడు. దభేల్! నడుములోతు నీళ్లలో చతికిలబడ్డాడు. తలపాగా గెడ్డ వెంట తేలుకుంటూ పోయింది.

 పైడమ్మ మెల్లగా తల తిప్పి చూసింది. కొడుకు క్షేమమే. ఆమె పెదాలు కదిలాయి.

"నేలని అడిగావేటిరా నాయనా?"

గెడ్డ రెండు ఒడ్డులూ ఒక్కసారిగా నవ్వాయి. నవ్వులో పైడమ్మ బెదురు ఎటుపోయిందో! నాలుగో రాయి, ఐదో రాయి, ఆరో రాయి దాటి అవతలి గట్టు ఎక్కింది. వెనకే తక్కినవాళ్లందరూ ఎక్కారు. చెల్లెల్ని మనవలు మంచంతో సహా మోసుకొచ్చి అక్కడ దించారు. చెల్లెలి పక్కన కూర్చుని అక్క ఆమె చెంపలు నిమిరింది.

"ముసలిదానివైపోయావే!" అంది అక్క.

"నువ్వు కాదేటి మరి!" అంది చెల్లెలు. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు.

నాయుడు బట్టలు పిండుకుంటూ గట్టెక్కాడు. "పడితే మంచమే అన్నాను. పడింది నేనొక్కణ్నే."

"అయితే ఎల్లి కూకో మంచం మీద!" అన్నారు పద్నాలుగురూ.

ఆ రోజుతో ఆ కట్టుబాటు పోయింది. ముసలివాళ్లు మళ్లీ పెరట్లోకి వచ్చారు, సంతకి వెళ్లారు, మనవల పెళ్లిళ్లలో చిందులేశారు.

తవిటమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. ఒక ఊడుపుల కాలంలో గట్టు మీద గంజి తాగి, చెట్టు నీడన ఒత్తిగిలి, అలాగే వెళ్లిపోయింది. ఊరు గుడి కడతానంది.

"వద్దు," అంది నీలాలు. "గుడి కడితే మెట్లు కడతారు. మా అత్త ఒప్పుకోదు. గెడ్డ ఒడ్డున నడుమెత్తు రాయొకటి పాతండి, చాలు."

పాతారు. పేరు చెక్కలేదు, పసుపు పూయలేదు. ఎన్నో తరాల అరచేతులు తగిలి ఆ రాయి తల ఇప్పుడు వెన్నముద్దలా ఉంటుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు దాన్ని చూసి, ఏ అమ్మవారో అనుకుని చేతులు జోడిస్తారు. వెనకాల వస్తున్న అత్తలు ఇప్పటికీ అదే మాట అంటారు:

"దణ్ణం తరవాత పెడుదువుగాని. ముందు పట్టుకో."