మూటకు కట్టిన వేపమండ

పక్క ఊళ్ళో అప్పటికే ముగ్గురికి అమ్మవారు పోసింది. కోటకూ పేటకూ తేడా లేకుండా టీకాలు వేయించమని రాజుగారు ఖజానా నుంచి సొమ్మిచ్చారు. దివాను భీమశంకరం కోట వీధులు నాలుగింటికీ వేయించి, పని పూర్తయిందని కబురంపాడు. ఆయన లెక్కలో రాజ్యమంటే ఆ నాలుగు వీధులే మరి!

ఏటి అవతల చాకలిపేటలో గురవమ్మకు కాలు నిలవలేదు. తెల్లారగానే ఉతికిన బట్టల మూటకు వేపమండ కట్టి, దివాను గుమ్మంలో దించింది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికే వేపమండ కడతారు. దివాను అరుగు మీంచి ఒక్క గంతులో గడప లోపలికి వెళ్ళి పడ్డాడు.

"మీ ఇంట్లో ఎవరికే పోసింది?"

"ఇంకా ఎవరికీ లేదు బాబయ్యా. రేపు పోస్తే వచ్చి చెప్పే ఓపిక ఉంటుందో ఉండదోనని ముందే కట్టాను. అయినా మీరు టీకా వేయించుకున్నారుగా, భయమెందుకు?"

"మూటలో నా మనవడి పొత్తిగుడ్డలున్నాయే! నెల బిడ్డ, వాడికింకా టీకా పడలేదు!"

"మా పేటలో వందమందిమి ఉన్నాం బాబయ్యా. అందరం మీ మనవడిలాంటివాళ్ళమే."

లోపల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. దివాను గడప లోంచే టీకాల మనిషికి కబురు పెట్టాడు.

టీకాల మనిషి పెట్టె పట్టుకుని ఏరు దాటేదాకా గురవమ్మ మూట ముడి విప్పలేదు.