ప్రార్థన చేసిన బట్టీలో పచ్చి పెంకు

“లేవండర్రో! ఆ సావిట్లో కూర్చోకండర్రో!”

వీధి చివర నుంచి కేక. విస్తళ్ల ముందు కూర్చున్న వాళ్లంతా తలలు తిప్పి చూశారు. వానలో తడిసి ముద్దయిపోయి, కొంగు నడుముకి చుట్టుకుని, దీవెనమ్మ పరుగెత్తుకొస్తోంది.

“పని పోయిందిగా, దాంతోపాటు మతీ పోయింది” అన్నాడొకడు. అందరూ నవ్వారు. మాణిక్యం ఒక్కతే నవ్వలేదు. ఆవిడెందుకు నవ్వలేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. వెళదాం, రండి.

ఎప్పటి మాటంటే, గోదారి మీద వంతెన ఊసే లేదు, మా తాతగారి తాతగారు ఉగ్గు తాగుతున్నారనుకోండి. ఏటిగట్టు కింద ఒక పెంకుల బట్టీ ఉండేది. దాని యజమాని పరంజ్యోతిగారు. బట్టీకి యజమాని, అక్కడి సంఘానికి పెద్ద. పొద్దున్నే కూలోళ్లందర్నీ నిలబెట్టి ప్రార్థన చేసేవాడు. ఆ ప్రార్థన ఎంత పొడుగంటే, తొక్కిన మట్టి కాస్తా ఆమెన్ అనేసరికి ఎండిపోయేది!

బట్టీ మూతి దగ్గర దీవెనమ్మ పని. మాణిక్యం పెంకు అందించేది, దీవెనమ్మ దాన్ని వేలి కణుపుతో కొట్టేది. ఖంగుమంటే బాగా కాలినట్టు, దానికో సున్నపు చుక్క. దబ్బుమంటే పచ్చిదన్నట్టు, తీసి పక్కన పడేసేది. పని చేసినంతసేపూ ఒకటే మాట:

“పలికితే చుక్క, పలక్కపోతే పక్క.”

ఆ చుక్క ఉంటే చాలు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కళ్లు మూసుకుని బండికెత్తుకునేవారు.

ఒకసారి మాణిక్యం విసుక్కుంది. “ప్రతిదీ కొట్టాలా వదినా? పదింటికొకటి కొడితే పోలా?”

“ఏ ఇంట్లోనైనా ప్రభువు వచ్చి కూర్చుంటాడే మాణిక్యం. ఏ పెంకు కింద కూర్చుంటాడో నాకు తెలీదుగా! అందుకే అన్నీ కొడతాను” అంది దీవెనమ్మ.

ఇలా ఉండగా పరంజ్యోతిగారికి ఒక కోరిక పుట్టింది. కోతపండగ నాటికి సంఘానికి విందుసావిడి కట్టించి ఇవ్వాలి. అందరూ ఆహా అనాలి. పండగేమో ముంచుకొస్తోంది. బట్టీ ఇంకా మూడు రోజులు మండాలి. ఆయన పాస్టరుగారిని పిలిపించి, బట్టీ చుట్టూ పాటలు పాడించి, ప్రార్థన చేయించి, ఆ మూడు రోజులూ ఎగ్గొట్టేసి బట్టీ విప్పించాడు.

దీవెనమ్మ ఒకటి కొట్టింది. దబ్. ఇంకొకటి కొట్టింది. దబ్. మూడోది. దబ్.

పరంజ్యోతిగారు మొదట తియ్యగా వచ్చాడు. “దేవుడి సావిడికమ్మా దీవెనమ్మా. చుక్కలు పెట్టెయ్యి తల్లీ.”

“పలికితే చుక్క, పలక్కపోతే పక్క, అయ్యగారూ.”

రెండోసారి కళ్లెర్రజేసి వచ్చాడు. “ప్రార్థన చేసిన బట్టీ ఇది! ఇందులో పెంకు పచ్చిదంటే ఏమిటి నీ అర్థం? ప్రార్థన పచ్చిదనా?”

“ప్రార్థన బాగానే కాలిందండి. పెంకే కాల్లేదు.”

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కరూ నోరెత్తలేదు. పైగా అందరికీ అదే నమ్మకం. ప్రార్థన చేసిన పెంకుని కొట్టి చూడటమంటే దేవుణ్ణి పరీక్షించడమేనని వాళ్ల భయం. మట్టి గుణం పుట్టినప్పట్నుంచీ తెలిసినవాళ్లు! అయినా అదే నమ్మారు.

మూడోసారి ఆయన మాట్లాడనే లేదు. దీవెనమ్మ ముందున్న సున్నపు పిడత తీసి మాణిక్యం ముందు పెట్టాడు. “నువ్వు పెట్టు. పెట్టనంటావా, నువ్వూ దాని వెనకే నడు.”

మాణిక్యం మొగుడు అప్పటికి రెండు నెలలుగా మంచంలో ఉన్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆవిడ వేలు సున్నంలో ముంచింది.

దీవెనమ్మ లేచి కొంగు దులుపుకుంది. తిట్టలేదు, శపించలేదు. “చెయ్యి వణుకుతోందే మాణిక్యం. మోకాలి మీద ఆనించుకుని పెట్టు” అని వెళ్లిపోయింది. ఆ మాట మాణిక్యాన్ని బతికున్నన్నాళ్లూ కోసింది.

సావిడి లేచింది. పండగ వచ్చింది. దానికి రెండు రోజుల ముందే ముసురూ పట్టింది. పచ్చి పెంకు నీళ్లు తాగుతుంది, తాగినకొద్దీ బరువెక్కుతుంది. ఇదిగో, ముసురు పట్టిన మూడో రోజున, విందు వేళకే దీవెనమ్మ వీధిలోంచి చూసింది. సావిడి కప్పు నడుం వంగి ఉంది. అప్పుడు పెట్టిన కేక అది.

పండగ ప్రేమవిందుకి సావిట్లో మూడు వరసల బంతులు. మొదటి బంతి పెద్దలది, రెండోది రైతులది, మూడోది బట్టీవాళ్లది. పరంజ్యోతిగారు మొదటి బంతి మధ్యలో కూర్చుని, “విశ్వాసం లేని మనిషి. పట్టించుకోకండి” అన్నాడు.

దీవెనమ్మ వడ్డిస్తున్న మాణిక్యం చెయ్యి పట్టుకుంది. “నువ్వు చెప్పవే. నీకు తెలుసుగా.”

మాణిక్యం నోరు విప్పలేదు.

దీవెనమ్మ పప్పు గంగాళం ఈడ్చుకుంటూ వీధిలో పెట్టొచ్చింది. జనం పగలబడి నవ్వారు. “చెప్పవే మాణిక్యం!”

మాణిక్యం నోరు విప్పలేదు.

రెండోసారి కూర డేగిసా లాక్కుపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. “కూరెత్తుకుపోతోందిరోయ్, పట్టుకోండి!” అని మూడు బంతులవాళ్లూ వెంటపడ్డారు. చూశారా! ప్రాణం పోతుందంటే కదలని మనుషులు కూర పోతోందంటే కదిలారు.

దీవెనమ్మ మళ్లీ లోపలికి పరుగెత్తింది. అన్నం గుండిగ ఒక చెవి పట్టుకుంది. రెండో చెవి, లోపలే ఉండిపోయిన పరంజ్యోతిగారు పట్టుకున్నాడు. “నా సావిడి! నా విందు!”

“మీదేనండి అయ్యగారూ, కాదన్నానా? బయటికి తెచ్చుకుని తినండి!”

పైన దూలం ఫెళ్లుమంది. గుమ్మంలో నిలబడ్డ మాణిక్యం అప్పుడు అరిచింది, “వదినా!” అని. ఏం లాభం? దీవెనమ్మ గుండిగ వదిలేసి, రెండు చేతులతో ఆయన్ని గుమ్మం వైపు తోసింది. ఆయన బయటపడ్డాడు. ఆవిడ పడలేదు.

కూలిన కప్పు పెంకులు తీశారు. ముట్టుకుంటే బెల్లంలా చితికిపోతున్నాయి. ప్రతి పెంకు మీదా తెల్లటి చుక్క.

పరంజ్యోతిగారు కుంటుకుంటూ వచ్చి, పైకి చూసి, “అంతా దేవుని చిత్తం” అన్నాడు. నలుగురైదుగురు “ఆమెన్” కూడా అన్నారు.

“దేవుడి మీద పెట్టకండి!” అంది మాణిక్యం. “చుక్కలు పెట్టింది నేను. పెట్టించింది మీరు. తెలిసీ నోరు మూసుకుంది వీళ్లంతా.”

ఈసారి ఆమెన్ అన్నవాడు లేడు.

ఆ తర్వాత ఆయన దీవెనమ్మ సమాధికి నున్నటి రాయి వేయించాడు. ‘ప్రభువునందు నిద్రించెను’ అని చెక్కించాడు. ఎవరు నిద్రపుచ్చారో చెక్కించలేదు. ఆ రాయి ఎప్పుడో ఏట్లో కలిసిపోయింది. జనం పట్టుకున్నది వేరే. ఆ గట్టు వెంబడి నేటికీ కొత్త కప్పు వేస్తే, మొదటి ముసురుకి దాని కింద యజమాని ఒక్కడే కూర్చోవాలి. వాన వెలిసేదాకా మిగతావాళ్లు బయటే ఉంటారు. కోతపండగ విందు ఆరుబయటే. బంతులుండవు. విస్తట్లో ముందు పప్పు, కూర వేస్తారు. అవి తిన్నాకే అన్నం.

ఎందుకంటే ఆ రోజు అలాగే జరిగింది. దీవెనమ్మని మట్టి చేసి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అన్నం పెంకుల కింద ఉంది. వీధిలో పప్పు ఉంది, కూర ఉంది, వాటిలో కాస్త వాననీళ్లున్నాయి. మొదటి బంతి ఎవరిదని ఎవరూ అడగలేదు. మాణిక్యం వడ్డించి, ఆఖరున తనూ ఒక ఆకు వేసుకుంది. పక్కన చోటుంటే పరంజ్యోతిగారు కుంటికాలు చాపుకుని అక్కడే చతికిలబడ్డాడు. ఆ బురదలో, తలెత్తకుండా, అందరూ కలిసి కూర్చుని తిన్నారు.