కెమెరా వెనకాల మనిషి

అనగనగా కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో ఒక ఫోటో స్టూడియో ఉండేదిరా బంగారం. ఏడుకొండలు కెమెరా పట్టేవాడు, ఆయన భార్య మాణిక్యం లైటు పట్టేది. ఆ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా వీళ్ళిద్దరూ ఉండాల్సిందే.

ఒకసారి కంప్యూటరు పాడైపోయి, ఒక పెళ్ళి ఫోటోలన్నీ పోయాయి. ఆ పెళ్ళికూతురి ఏడుపు చూశాక ఏడుకొండలికి అన్నం సయించలేదు. అప్పుడు క్లౌడులో చోటు అద్దెకు తీసుకున్నాడు.

"క్లౌడంటే మబ్బేగా? వానొస్తే కారిపోదూ?" అంది మాణిక్యం.

"పేరే మబ్బు, పిచ్చిదానా! ఉండేది నేలమీదే. ఎక్కడో పెద్ద పెద్ద భవనాల నిండా కంప్యూటర్లుంటాయి. మన ఫోటోలూ వీడియోలూ నెట్టులో పంపితే అక్కడ దాస్తారు. ఒకచోట పాడైనా ఇంకోచోట నకలుంటుంది. పాస్‌వర్డు గుర్తుంటే ఏ ఊళ్ళోంచైనా తీసుకోవచ్చు. కాకపోతే మనం పంపిందే అక్కడుంటుంది" అన్నాడాయన.

వాళ్ళ ఊళ్ళో నెట్టు నత్తనడక. అందుకని, "ముందు ఊరివాళ్ళవి పంపుదాం. మనవి తర్వాత" అన్నాడు.

ఆ తర్వాత ఎండాకాలంలో గుండెనొప్పి వచ్చి ఏడుకొండలు పోయాడు.

మాణిక్యం షాపు మూయలేదు. మిగిలిన పెళ్ళిళ్ళన్నీ తనే పంపింది. తమ సొంత ఫోటోలు పంపుదామని తెరిచేది. ఆయన ముఖం కనబడేసరికి కళ్ళు నిండిపోయేవి. రేపు పంపుదాంలే అని మూసేసేది.

అప్పుడు వరద వచ్చింది. షాపూ ఇల్లూ ఒకటే వాళ్ళకి. నీళ్ళు తీశాక చూస్తే కంప్యూటరు నిండా బురద. ఆల్బమ్ నాని ముద్దయింది. గోడమీది పటంలో ఆయన ముఖమున్నచోట తెల్లటి మరక. ఇక మిగిలింది ఆధార్ కార్డు మీది మసక బొమ్మ. అందులో ఆయన ఆయనలా లేడు.

మాణిక్యం తెనాలిలో అక్కగారింటికి వెళ్ళింది. అక్కడి కంప్యూటర్లో పాస్‌వర్డు కొట్టింది. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తమ ఫోటో ఒక్కటీ లేదు.

"అందరి ముఖాలూ దాచానక్కా, ఆయన ముఖం దాచుకోలేకపోయాను" అని గుండెలు బాదుకుంది.

వరదలో అన్నీ పోగొట్టుకున్న ఊరివాళ్ళు ఆ తర్వాత కబురు పెట్టారు, మా పెళ్ళి వీడియో ఇవ్వమ్మా అని. కాదనలేక కూర్చుంది. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి కదా, ఒకటి పెట్టింది. తలంబ్రాల మధ్యలో ఎవరో దగ్గారు. మాణిక్యం ఉలిక్కిపడింది. అది ఏడుకొండలు దగ్గే.

రెండోది పెట్టింది. "పెద్దాయనా, కాస్త పక్కకి జరగండి" అని వినబడింది. మనిషి లేడు, గొంతుంది.

మూడోది పెట్టింది. మేళం ఆగింది. అందరూ భోజనాలకు లేస్తున్నారు. కెమెరా వెనకాల్నుంచి ఆ గొంతే, మెల్లగా, ఆవిడకొక్కదానికే వినబడేలా పలికింది.

"మాణిక్యం, చెయ్యి లాగుతోందా? కాసేపు లైటు దించు."

"లేదండీ, పట్టుకుంటాను" అంది మాణిక్యం, ఖాళీ గదిలో, చెంపలు తడిసిపోతుండగా.

కథ పోయి కంచిలో చేరింది,
కునుకొచ్చి మనింట్లో దూరింది.