నత్తలదిబ్బ ములుకుస్వామి

నత్తలదిబ్బ చిన్న ఊరే గాని, భక్తులారా, ములుకుస్వామి వంటి స్వామి పద్నాలుగు లోకాల్లో మరొకరు లేరు. ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ మీద ఈ గుడి ఉంది. మూర్తి చేతిలో శంఖం లేదు, చక్రం లేదు. మెడకూ మోచేతికీ మోకాలికీ చుట్టుకున్న తాడు, దాని కొసన జానెడు ఇనుప ములుకు, అంతే.

మా ముత్తాతలకు ముత్తాతల కాలంలో ఇక్కడ చీనా దేశపు ఓడ ఒకటి పగిలి, ఒకే ఒక్క నావికుడు ఒడ్డుకు చేరాడు. మేకల కాపరి ఎర్రకయ్య అతనికి గంజి పోసి బతికించాడు. ఆ చీనా వీరుడు రోజూ దిబ్బ మీద ఈ ములుకుతాడు తిప్పేవాడు. మెడకు చుట్టిన తాడు భుజం విదిలిస్తే విడివడేది, మోకాలితో తన్నితే ములుకు మెరుపై పోయేది. ఎగిరే తూనీగ రెక్కను తాకి, తూనీగకు తెలియకుండా తిరిగి వచ్చేది. ఇది నేను తగ్గించి చెబుతున్న మాట. విసరడం ఎవడైనా విసురుతాడు, సరైన క్షణాన వెనక్కి లాగడంలోనే ఆ విద్యంతా ఉంది.

ఒక మధ్యాహ్నం ఏటికి వరద వచ్చింది. ఎర్రకయ్య కూతురు, ఏడేళ్ళ నూకాలు, మేకపిల్ల కోసం వెళ్ళి ఏటి నడుమ బండ మీద చిక్కుకుంది. పడవ నిలిచే నీరు కాదు. వీరుడు తాడు రెండో కొస ఎర్రకయ్య చేతిలో పెట్టి, ములుకు పిల్ల నడుముకు చుట్టుకోగానే లాగమని సైగ చేశాడు.

ఇనుము బిడ్డ మీదికి పోతుంటే ఏ తండ్రి చూడగలడు? ఎర్రకయ్య కళ్ళు మూసుకున్నాడు. వీరుడు విసిరిన తాడు పిల్ల నడుముకు చుట్టుకుని ఒక్క క్షణం నిలిచింది. లాగేవాడు లేక జారి నీళ్ళలో పడింది. వరద పిల్ల మోకాళ్ళకు వచ్చింది.

"అది తగిలితే నా బిడ్డ బతకదు సామీ," అన్నాడు ఎర్రకయ్య.

వీరుడికి మన భాష రాదు. వేళ్ళతో అతని రెప్పలు పైకెత్తి చూపించాడు. ఇంతలో బండ మీంచి నూకాలే కేకేసింది.

"నాయినా, నేను చూత్తన్నాను గదా. నువ్వూ చూడు."

ములుకు మళ్ళీ బయలుదేరింది. ఆ వేగానికి వరద రెండుగా చీలిందని కొందరంటారు. కాదు, మూడుగా చీలింది. ములుకు పిల్ల చెవి పక్కన వెంట్రుకవాసిలో దూసుకుపోయి, వెనుదిరిగి నడుముకు మూడు చుట్లు చుట్టింది. రెప్ప వేయని ఎర్రకయ్య ఆ క్షణానే లాగాడు. పిల్ల, చంకలో మేకపిల్లతో సహా, ఒడ్డున పడింది.

కొన్నాళ్ళకు వీరుడు మరో ఓడెక్కి వెళ్ళిపోయాడు. తరువాత నూకాలు కలలో కనిపించి, ఆ బండనే తన రూపుగా మలచమని చెప్పాడు, ఈసారి తెలుగులోనే.

నేటికీ మాఘ పూర్ణిమ నాడు ఏడేళ్ళ పిల్లలను స్వామి ఎదుట నిలబెడతారు. పూజారి చెక్క ములుకు విసురుతాడు, తాడు రెండో కొస కన్నవారి చేతిలో ఉంటుంది. చూస్తూ లాగినవారి బిడ్డలకు నీటి గండం లేదు. కన్నవారు రెప్ప వేస్తే పూజారి తాడు చుట్టి మళ్ళీ మొదలుపెడతాడు. నిరుడు ఒక తాపీమేస్త్రీకి పదకొండు సార్లు పట్టింది. వెనక వరుసలో నిలుచున్న వాళ్ళెవరూ తొందరపెట్టలేదు.